పొట్టి గొట్టమా, పొడుగు గొట్టమా

గేరక్క ఇంట్లో ఆ నెలంతా ఒకటే రగడ. కారు ఊపిరి ఎటునుంచి పీల్చాలన్నదే ఆ రగడ.

ఊరికి ఆనుకుని ఉన్న కొండ రోడ్డు మీద ఏటా కార్ల పందెం జరుగుతుంది. ఒక్కో కారూ విడివిడిగా కింద నుంచి పైకి ఎక్కాలి. ఎవరు తొందరగా ఎక్కితే వాళ్లే మొనగాళ్లు. ఈసారి ఆ పందేనికి ఓ పెద్ద రేసు జట్టు మేనేజరు వస్తోందనీ, జట్టులో ఖాళీ అయిన ఒకే ఒక్క డ్రైవరు సీటుకి ఈ కొండ దగ్గరే మనిషిని ఏరుకుంటుందనీ కబురొచ్చింది. వయసు నిబంధన కూడా ఉంది. గేరక్క ఈ ఏడాది ఆ గీతకి ఇవతల ఉంది, వచ్చే ఏడాదికి అవతలికి వెళ్లిపోతుంది. కాబట్టి ఆమెకి ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరుది కూడా.

ఆమె బడి వ్యాను నడుపుతుంది. గేరు మార్చినట్టు వెనక కూర్చున్నవాళ్లకి తెలియనే తెలియదు. అందుకే పిల్లలు ఆ పేరు తగిలించారు. పిల్లల నోట విని పెద్దవాళ్లూ, పెద్దవాళ్ల నోట విని కట్టుకున్న మొగుడూ అదే పిలుపు అందుకున్నారు. మొగుడు అక్క అని పిలవడమేమిటని మొదట్లో ఆమె మూతి ముడిచింది గానీ, తర్వాత అలవాటైపోయింది. చిన్నప్పటినుంచీ ఏ పని చేస్తున్నా ఆమె కుడికాలు నేలని నొక్కుతూనే ఉండేది. అది ఎందుకో ఇప్పుడు అందరికీ తెలిసింది.

కారు పాతదే. ఇంటి వెనక రేకుల షెడ్డులో ముగ్గురూ కలిసి విప్పి, తోమి, బిగించి, పందేనికి తయారు చేశారు. ముగ్గురంటే గేరక్క, ఆమె మొగుడు, ఆమె తమ్ముడు. అసలు చిక్కంతా ఆ తర్వాతి ఇద్దరితోనే.

మొగుడు మైకుసెట్లు అద్దెకిస్తాడు, పాడైతే బాగుచేస్తాడు. ప్రపంచాన్ని చెవితో చూసే మనిషి. తలుపు కిర్రుమంటే ఏ మడతబందు నూనె అడుగుతోందో పడుకున్నచోటి నుంచే చెబుతాడు, లేచి వెళ్లి నూనె మాత్రం వెయ్యడు. తమ్ముడిది ఫ్రిజ్జులూ ఏసీలూ బాగుచేసే పని. ఎవరింటికి వెళ్లినా ముందు ఫ్రిజ్జు వెనక చెయ్యి పెట్టి చూసి, ఆ తర్వాతే బాగున్నారా అని అడుగుతాడు. ఈ బావాబావమరుదులు మంచి స్నేహితులు, కాకపోతే ఒక్క విషయంలో కూడా ఒప్పుకోరు.

ఇంజనుకి కంపెనీవాళ్లు బిగించిన గాలి డబ్బా మర్యాదస్తురాలు. నెమ్మదిగా, చప్పుడు లేకుండా పీలుస్తుంది. పందెం కార్లవాళ్లు దాన్ని పీకేసి వేరే గొట్టం వేస్తారు. దుకాణంలో రెండు రకాలున్నాయి. షార్ట్ ర్యామ్ అనేది పొట్టి గొట్టం, దాని చివరి ఫిల్టరు బానెట్టు కిందే, ఇంజను పక్కనే కూర్చుంటుంది. కోల్డ్ ఎయిర్ అనేది పొడుగు గొట్టం, మెలికలు తిరుగుతూ కిందికి దిగి, ముందు బంపరు వెనక, చక్రం పక్కన ఫిల్టరుని వేలాడదీస్తుంది. ఏది కొనాలో తేలక రెండూ కొనేశారు.

"పొడుగుదే వెయ్యాలి బావా" అన్నాడు తమ్ముడు. "ఇంజను పక్కన దొరికేది గాలి కాదు, సెగ. వేడిగాలిలో పస ఉండదు. చల్లగాలి చిక్కగా ఉంటుంది. చిక్కటి గాలి పీలిస్తే కారు లేడిపిల్లలా ఎక్కుతుంది."

"నీకు లోకమంతా ఫ్రిజ్జులాగే కనబడుతుందిరా బామ్మర్దీ" అన్నాడు మొగుడు. "ఆ మెలికలన్నీ తిరిగి గాలి లోపలికి వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా అయిపోతుంది. పొట్టిదైతే అనుకోగానే గాలి. పైగా ఆ గొంతు విను. అడ్డం లేని గొంతు."

"గొంతు విని మురిసిపోవడానికి ఇది పాటల పోటీ కాదు బావా."

"చల్లబరచడానికి ఇది పాల ప్యాకెట్టూ కాదు."

మీ ఇద్దరి నోళ్లకి ఏదో ఒక ఫిల్టరు బిగిస్తే పీడా పోతుందని గేరక్క అనుకుంది గానీ పైకి అనలేదు. వీళ్లిద్దరూ మాట్లాడుతుంటే మూడో మనిషికి సందు దొరకదు.

చివరికి పక్క వీధి గరాజులో తేల్చుకుందామన్నారు. అక్కడ కారుని రోలర్ల మీద ఎక్కించి, ఉన్నచోటనే పరుగెత్తించి బలం కొలిచే యంత్రం ఉంది. మొగుడు గొంతు బాగా వినాలని బానెట్టు బార్లా తెరిచాడు. తమ్ముడు ఇంజను వేడెక్కకూడదని తన దుకాణం నుంచి గుమ్మమంత ఫ్యాను మోసుకొచ్చి ముందు పెట్టాడు. ముందు పొడుగుది, తర్వాత పొట్టిది. పొట్టి గొట్టం స్పష్టంగా గెలిచింది. దాని గర్జనకి గరాజు రేకులు దడదడలాడాయి. మొగుడు కళ్లు మూసుకుని తల ఊపాడు. తమ్ముడు ముఖం మాడ్చుకుని ఫ్యాను ఎత్తుకుని ఇంటికి పోయాడు. పొట్టి గొట్టమే ఖాయమైపోయింది.

పందెం రోజు ఎండ చుర్రుమంది. కొండ కింద మైదానంలో కార్లు బారులు తీరాయి. ఒక్కొక్కరికీ రెండు పరుగులు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. రెండింటిలో మంచిది లెక్క. ఓ పక్క గుడారం కింద తెల్లటోపీ పెట్టుకుని జట్టు మేనేజరమ్మ కూర్చుంది. కొండ ఎక్కి దిగివచ్చిన ప్రతి డ్రైవరునీ ఆపి ఓ మాట అడుగుతోంది. ఆమెని చూడగానే గేరక్కకి పిచ్చి సంతోషం వేసింది. తను నిజంగా ఇక్కడ ఉంది. హెల్మెట్టు పెట్టుకుని, తన కారులో, తన వంతు కోసం.

వరుస నత్తనడకన కదిలింది. ఇంజను ఆపే వీలు లేకుండా అడుగడుగూ ముందుకి జరుపుతూ చాలాసేపు ఎండలో నిలబడాల్సి వచ్చింది. జెండా ఊపగానే గేరక్క కాలు అదిమింది. కారు గర్జించింది. గర్జించడమే గానీ ఊపు రాలేదు. ముక్కూ నోరూ గుడ్డతో కప్పి పరుగెత్తమన్నట్టుగా ఉంది దాని పరిస్థితి. సగం కొండ ఎక్కేదాకా ఈసురోమంది, ఆ పైన గాలి తగిలి కాస్త ప్రాణం పోసుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది.

దిగివచ్చి గుడారం ముందు ఆపేసరికి ఆమె మనుషులిద్దరూ పరుగున వచ్చారు.

"కారు ఎలా ఉంది?" అని మేనేజరు గేరక్కని అడిగింది.

గేరక్క నోరు తెరిచింది.

"గొంతు అదిరిపోయిందండీ" అన్నాడు మొగుడు. "కింద నుంచి పైదాకా వినబడింది."

"వేడండీ, అంతా వేడి" అన్నాడు తమ్ముడు. "నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను."

"వాడు అలాగే అంటాడండీ, మీరు పట్టించుకోకండి."

గేరక్క తెరిచిన నోరు మూసుకుంది. మేనేజరు ముగ్గురి ముఖాల మీదా చూపు తిప్పి, "సరే" అని, వెనకాల వచ్చిన ఎర్ర కారు వైపు నడిచింది. ఆ 'సరే' వినగానే గేరక్కకి అంతా అర్థమైంది. ఆవిడకి కావలసింది కారు కాదు, కారు మనసు చదివి చెప్పగల డ్రైవరు. ఇక్కడ ఆ మాట చెప్పవలసిన మనిషి మూగమొద్దులా కూర్చుంది. ఆమెకి ఒళ్లు మండిపోయింది. వాళ్ల మీద సగం, తన మీద సగం.

కారుని పక్కకి తీసి, దిగి, హెల్మెట్టు తీసింది.

"కారు నడిపింది ఎవరు?"

"నువ్వే" అన్నాడు మొగుడు.

"ఆవిడ అడిగింది ఎవర్ని?"

ఆమె బానెట్టు ఎత్తి, "ఆ గొట్టం మీద చెయ్యి పెట్టు" అంది తమ్ముడితో. వాడు పెట్టి, చటుక్కున తీసి ఊదుకున్నాడు.

"గరాజులో ఫ్యాను పెట్టింది ఎవరు?"

"నేనే అక్కా."

"బానెట్టు తెరిచింది ఎవరండీ?"

"నేనే" అన్నాడు మొగుడు. అంటూనే ఆగిపోయాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బానెట్టు మూసి, ఎండలో, ఇంజను సెగలో ఉన్నప్పుడు పొట్టి గొట్టం ఎలా ఉంటుందో గరాజులో ఆ రోజు ఎవరూ చూడనే లేదు. చెవి కోసం ఒకడూ చలవ కోసం ఒకడూ కలిసి దానికి రాజభోగం ఏర్పాటు చేసి, గెలిచిందని చప్పట్లు కొట్టారు. తన ఫ్యానుతో తన వాదాన్నే ఓడించుకున్నానని తెలిసిన తమ్ముడి ముఖం చూస్తే ఆ మంటలోనూ గేరక్కకి నవ్వొచ్చింది.

"సరే, పొడుగుది వెయ్యండి" అంది.

తమ్ముడికి ఏనుగెక్కినంత సంబరమైంది. బంపరు విప్పి, పొడుగు గొట్టం దింపి, ఫిల్టరు బిగించి, దుమ్ము తుడిచాడు. ముద్దు పెట్టుకోవడం ఒక్కటే తక్కువ. మొగుడు కిక్కురుమనకుండా స్పానర్లు అందించాడు. అంతా అయిందనుకునేసరికి కొండ మీద నల్లటి మబ్బు కమ్మింది. మధ్యాహ్నం పరుగులు మొదలవుతూనే వాన దిగింది, చినుకులతో పనిలేకుండా ఒకేసారి కుండపోతగా.

"ఇంకా మంచిది, ఇంకా చల్లబడుతుంది" అన్నాడు తమ్ముడు తడుస్తూ.

గేరక్క ఆ మాట వినడం లేదు. కొండ దిగి వస్తున్న కార్ల ముందు భాగాలనే చూస్తోంది. పై మలుపులో రోడ్డు పల్లంగా ఉంటుంది, కొండ వాలు మీది నీళ్లన్నీ అక్కడే చేరి రోడ్డుకి అడ్డంగా పారుతాయి. దిగివచ్చిన ప్రతి కారు బంపరు మీదా బురదనీటి గీత ఉంది. మొదటి కారుకి కింది అంచు దగ్గరుంది. ఆ తర్వాతదానికి కాస్త పైకి. ఇప్పుడే వచ్చినదానికి నంబరు పలక సగం తడిసింది. ఆమె వెళ్లి ఆ గీత ఎత్తుని జానతో కొలుచుకుని వచ్చి, తన కారు ముందు మోకాళ్ల మీద కూర్చుని చూసింది. పొడుగు గొట్టం ఫిల్టరు ఆ గీతకి పూర్తిగా కింద వేలాడుతోంది.

ఇంజను గాలితో పాటు నీళ్లు తాగితే ఇక ఇంజను లేదు. లోపలి కడ్డీలు వంగిపోతాయి. కారు అక్కడే నీళ్లలో నిలబడిపోతుంది, సీటు ఆశా దాంతోపాటే. నీళ్ల దగ్గర కాలు తీసి మెల్లగా దాటితే ఇంజను బతకొచ్చు గానీ పరుగు పోతుంది. పొట్టిదే వేద్దామంటే వరుసలో నిలబడేసరికి మళ్లీ పొద్దుటి కథే. ముందు ఇంకా కొన్ని కార్లే మిగిలాయి. ఆశ్చర్యమేమిటంటే భయంతో పాటు ఆమెకి హుషారు కూడా పుట్టుకొచ్చింది. ఈ ముడి విప్పగలిగేది తనే, ఇంకెవరూ కాదు.

"పొడుగుది తీసెయ్యండి. పొట్టిది బిగించండి" అంది.

"అక్కా, ఇప్పుడే కదా—"

"ఇప్పుడే తీసెయ్యి. నీ సంచిలో ఏసీ గొట్టాలకి చుట్టే వెండిరేకు ఉంది కదా, ఇంజనుకీ ఫిల్టరుకీ మధ్య దాన్ని గోడలా కట్టు. ఏమండీ, మీరు ఇంజను జోలికి పోకండి. బానెట్టు తెరిచే ఉంచండి. బయల్దేరే గీత దగ్గరికి వెళ్లేదాకా స్టార్టు చేసేది లేదు."

"స్టార్టు చెయ్యకపోతే వరుసలో ఎలా కదులుతుంది?" అన్నాడు మొగుడు.

"మీరిద్దరూ తోస్తారు."

మొగుడు బామ్మర్ది వైపు చూశాడు. బామ్మర్ది బావ వైపు చూశాడు. ఎదురు చెప్పడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు. ఆ తర్వాత జరిగింది చూసినవాళ్లకి కడుపు చెక్కలయ్యే వినోదం. బానెట్టు తెరుచుకున్న కారు, దాని మీద నీళ్లు పడకుండా కట్టిన పెద్ద గొడుగు, వెనకనుంచి మోచేతులకీ మోకాళ్లకీ బురద పూసుకుని తోసే ఇద్దరు మగాళ్లు. "ఎడమకి తొయ్యరా" అని ఒకరు, "నువ్వు తోస్తేగా బావా" అని ఇంకొకరు. చుట్టూ ఉన్న జట్లవాళ్లు ఈలలు వేశారు. లోపల స్టీరింగు పట్టుకున్న గేరక్క ఎవర్నీ చూడలేదు. చల్లటి వానగాలి తన ఇంజను మీదుగా వీస్తుంటే, ఆ చలవ తన ఒంటికే తగులుతున్నట్టుంది ఆమెకి.

గీత దగ్గర బానెట్టు దించారు. ఆమె ఇంజను స్టార్టు చేసింది. జెండా లేచింది.

ఈసారి కారు ఒక్క ఉదుటున దూకింది. పాదం కింద ఆ బిగి తెలియగానే ఆమె నోటివెంట ఓ నవ్వు వచ్చేసింది, హెల్మెట్టులో ఆమెకి తప్ప ఎవరికీ వినబడని నవ్వు. మొదటి మలుపులో వెనక చక్రాలు జారబోయాయి, స్టీరింగుని గిల్లినంత తిప్పి సర్దింది. రెండో మలుపు, రాళ్ల గోడ, మళ్లీ ఎత్తు. గేర్లు వెన్నలో చెయ్యి పెట్టినట్టు పడుతున్నాయి. ఆ గొంతు కొండకి తగిలి తిరిగొస్తోంది. మొగుడు ఎందుకంత మురిసిపోతాడో ఆమెకి తెలిసొచ్చింది. నీళ్ల మలుపు ఎదురుగా వచ్చేసింది. ఎర్రటి బురదనీరు రోడ్డంతా పరుచుకుని పారుతోంది. అది చూడగానే, అంతా లెక్కవేసుకుని వచ్చిన ఆమెకే, భయమేసి కాలు ఓ రెప్పపాటు పైకి లేచింది. మరుక్షణమే తిట్టుకుని నొక్కేసింది. రెండు పక్కలా నీటి గోడలు లేచాయి, అద్దంలోంచి ఏమీ కనబడలేదు. ఇంజను మాత్రం గుటక వెయ్యలేదు. అలాగే ఊపిరి పీల్చుకుంటూ అవతలికి లాక్కొచ్చింది. పైన గీత దాటేసరికి ఆమె ఒళ్లంతా జలదరిస్తోంది. ఇంత సంతోషం బతుకులో ఒక్కసారి దొరికినా చాలనిపించింది.

దిగివచ్చేటప్పుడు ఆ మలుపు దగ్గర ఆమె తర్వాత బయల్దేరిన నీలం కారు నీళ్ల మధ్య చచ్చి నిలబడి ఉంది. దానికీ పొడుగు గొట్టమే. కింద ఆ కబురు విన్న తమ్ముడు వచ్చి అక్క హెల్మెట్టు తీసుకుని, తన చొక్కాతోనే తుడవసాగాడు.

బోర్డు మీద అంకెలు పడ్డాయి. గేరక్కది రెండో స్థానం. పైన ఎర్ర కారు ఉంది. ఎంతో కాదు, కాస్తే తేడా, ఆ నీళ్ల దగ్గర కాలు లేపినంత. ఉన్నది ఒక్కటే సీటు.

అప్పుడు తెల్లటోపీ వాళ్ల వైపు వచ్చింది.

"కారు ఎలా ఉంది?"

మొగుడూ తమ్ముడూ పెదవులు బిగించి ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. అలా మాట్లాడకుండా ఉండడం వాళ్లకి ఎంత కష్టంగా ఉందో మెడ నరాలే చెబుతున్నాయి.

"పొద్దున వేడిగాలి పీల్చి నీరసపడిందండీ" అంది గేరక్క. "తప్పు గొట్టానిది కాదు, వరుసలో మేము దాన్ని ఉడకబెట్టాం. ఇప్పుడు ఆపేసి, తోసుకుంటూ వచ్చాం, అందుకే మొదటినుంచీ లాగింది. పొడుగు గొట్టం బిగించి కూడా తీసేశాం. దిగివచ్చిన కార్ల మీద బురద గీత చూస్తే ఫిల్టరు మునిగిపోతుందని తెలిసింది. మూడో గేరులో ఒకచోట కాస్త బరువుగా అనిపించింది, చూసుకోవాలి. నీళ్ల దగ్గర ఆలస్యం మాత్రం కారుది కాదండీ. నేనే భయపడి కాలు తీశాను."

మేనేజరు ఆ చివరి మాట దగ్గర తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది.

"ఎర్ర కారు అతన్ని అడిగితే, బాగుందన్నాడు. అంతే" అంది. తర్వాత, "ఒక్క సంగతి ముందే చెప్పాలి. మా జట్టు కార్లకి కంపెనీ బిగించిన గాలి డబ్బానే ఉంటుంది. పోటీ నిబంధన. దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. ఏ గొట్టమూ వెయ్యనివ్వం. మీకు ఇబ్బంది లేదు కదా?"

అంతే, ఆనకట్ట తెగింది.

"అదేం నిబంధనండీ" అన్నాడు మొగుడు. "ఆ డబ్బా కారు గొంతు నులిమేస్తుంది. ఒక్కసారి పొట్టి గొట్టం వేసి వినండి."

"వేడి సంగతి కూడా చూడాలండీ" అన్నాడు తమ్ముడు. "కనీసం వెండిరేకు చుట్టనివ్వండి. బావ చెప్పేది కూడా నిజమే."

"విన్నారుగా, వీడే ఒప్పుకున్నాడు. వీడు నా మాట ఒప్పుకోవడం ఎప్పుడూ లేదండీ."

గేరక్క బురదలోనే చతికిలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియడం లేదు, వానలో ఏది ఏదో చూసేవాళ్లకీ తెలియదు. మేనేజరు ఆమెని చూసి తనూ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ ఇద్దరూ మాత్రం కంపెనీ డబ్బాని దులిపేస్తూనే ఉన్నారు. ఉన్నట్టుండి మొగుడు వాక్యం మధ్యలో ఆగి, కింద కూర్చున్న పెళ్లాం వైపు తిరిగాడు.

"ఆగరా" అన్నాడు బామ్మర్దితో. "ఆవిడ ఇందాక ఏమన్నారు?"

"సీటు నాదన్నారు" అంది గేరక్క.